నియమం ఎక్కడ పగలాలి?

మతజీవితంలో ఒక పాత తగువు ఉంది. భక్తికీ దయకూ చిత్తశుద్ధికీ నియమం తోడా, అడ్డా? మడి, ఉపవాసం, దీక్ష, వేళకు జపం, ఫలానాది తినకూడదన్న పట్టింపు, ఇవన్నీ లోపలి ఆర్ద్రతను కాపాడే కవచాలని ఒక పక్షం అంటుంది. ఆ ఆర్ద్రతను ఎండగట్టేవే అవి అని రెండో పక్షం అంటుంది. రెండో పక్షానికి తెలుగులో వేమన నాటి నుంచీ గట్టి గొంతులున్నాయి. మొదటి పక్షానికి తరతరాలుగా ఇళ్లలో సాగుతున్న ఆచరణే సాక్ష్యం. అయితే ఇద్దరూ ఒక మాటను ముందే ఒప్పేసుకుని వాదానికి దిగుతున్నారు. పైనున్న కాఠిన్యమే లోపలి మెత్తదనం తలరాతను నిర్ణయిస్తుందన్నదే ఆ మాట. కాఠిన్యం పెంచితే మేలని ఒకరు, తగ్గిస్తే మేలని మరొకరు. ఆ ఒప్పుకోలులోనే పొరపాటుందని నా వాదన. మెత్తని పదార్థాల మీద బిరుసైన పూతలు ఎలా పనిచేస్తాయో పదార్థశాస్త్రం కొన్ని దశాబ్దాలుగా శ్రద్ధగా పరిశీలిస్తోంది. పూత కాపాడుతుందా, చీలుస్తుందా అన్నది దాని బిరుసు ఒక్కదానితోనే తేలదని అక్కడ రుజువైంది. పూత లోపలిదానికి ఎలా అతుక్కుంది, ఎంత మందంగా ఉంది, అన్నిటినీ మించి, పగలక తప్పనప్పుడు ఎలా పగులుతుంది అన్నవాటితో తేలుతుంది. నియమాల విషయంలోనూ మనం అడగవలసిన ప్రశ్నలు ఇవే.

ముందు సిలికోన్ రబ్బరు మీద బంగారం పూత సంగతి చూద్దాం. 1998లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో నెడ్ బౌడెన్, జార్జ్ వైట్‌సైడ్స్, జాన్ హచిన్సన్ తదితరులు రబ్బరును వేడిచేసి, అది వ్యాకోచించి ఉండగా దాని మీద పలుచటి లోహపు పొర పూశారు. పొర మందం సుమారు 50 నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు, లేదా అంతకన్నా తక్కువ. చల్లారేటప్పుడు రబ్బరు బాగా కుంచించుకుంది, లోహం దానితో సమానంగా కుంచించుకోలేకపోయింది. అయినా పూత పగిలిపోలేదు, ఊడి రాలేదు. 20 నుంచి 50 మైక్రోమీటర్ల ఎడంతో, వరస తప్పని అలల్లా ముడతలు పడింది. ఆ ఎడం ఎక్కడి నుంచి వచ్చింది? రబ్బరు ఆసరా లేకుండా అంత పలుచటి రేకును నొక్కితే అది ఒకే పెద్ద వంపు తిరుగుతుంది. అడుగునున్న రబ్బరు ఆ వంపును లోతుకు దిగనివ్వక చిన్న చిన్న అలలుగా విడగొట్టింది. బంగారం రబ్బరు కన్నా వేల, పదివేల రెట్లు బిరుసు. అయితే అలల ఎడం ఆ నిష్పత్తికి ఘనమూలాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, అంత పెద్ద తేడా కూడా లెక్కలోకి వచ్చేసరికి పదుల రెట్లకు దిగిపోతుంది. చివరికి తేలిన రూపం బంగారానిదీ కాదు, రబ్బరుదీ కాదు, రెండూ కలిసి కుదుర్చుకున్నది. ఆచారం విషయంలోనూ ఇంతే. గ్రంథంలో నియమం ఒక్కటే అయినా, దాన్ని పాటించే మనిషి ఒంటిని, వయసును, బతుకుతెరువును బట్టి దానికి రూపం ఏర్పడుతుంది. పొలంలో నడుం వంచే మనిషి ఏకాదశీ నీడపట్టున కూర్చునే మనిషి ఏకాదశీ ఒకలా ఉండవు. ఆ తేడాను నియమానికి జరిగిన లోపంగా ఎంచడం అన్యాయం. నియమం బతికున్న మనిషిని తాకిందనడానికి అదే గుర్తు.

రెండో సాక్ష్యం మరీ విశేషమైనది. విడిగా ఉన్న పలుచటి బంగారు రేకును పట్టి లాగితే ఒకటి రెండు శాతం సాగేసరికే తెగిపోతుంది. 2003లో స్టెఫానీ లాకూర్, సిగర్డ్ వాగ్నర్, జిగాంగ్ సువో తదితరులు ప్రకటించిన ప్రయోగంలో, రబ్బరు మీద పూసిన బంగారు చారలు ఇరవై శాతానికి పైగా సాగి కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తూనే ఉన్నాయి. మెత్తనిది గట్టిదాన్ని కాపాడిందన్నమాట. రేకు తెగాలంటే ముందు ఏదో ఒకచోట సన్నబడాలి, సాగుడంతా అక్కడే పోగుపడాలి. కింద గట్టిగా అతుక్కున్న రబ్బరు అలా ఒకేచోట పోగుపడనివ్వదు, లాగుడును పూత పొడవునా పంచుతుంది. అతుకు వదిలిన చోట ఆ ఆసరా పోతుంది, పూత అక్కడే తెగుతుంది. ఆ పూతలను సూక్ష్మదర్శినితో చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. వాటిలో కంటికి ఆనని చిన్న చిన్న పగుళ్లు ఒకదానితో ఒకటి కలవకుండా చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటి నడుమ మిగిలిన బంగారం వలలా అల్లుకుని, మెలితిరుగుతూ సాగుతోంది. పెద్ద చీలిక రాకుండా ఆపింది పగుళ్లు లేకపోవడం కాదు, అవి చిన్నవిగా, విడివిడిగా ఉండడం. నియమాన్ని నిలబెట్టేది దాని కాఠిన్యమేనని నమ్మేవారు దీన్ని ఆలోచించాలి. మనసుకు అతకని వ్రతం, భయంతోనో నలుగురి మెప్పు కోసమో మోసే వ్రతం, ఎంత కఠినమైనదైనా ముందుగా తెగేది అదే. దానికి కష్టాన్ని పంచుకునే ఆధారం అడుగున లేదు.

ఇక దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది, దాన్ని దాచకూడదు. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్ కుర్చీ చూడటానికి బాగానే ఉంటుంది. లోపలి ప్లాస్టిక్ ఇంకా వంగగలదు, సాగగలదు. పైన మాత్రం, మిల్లీమీటరులో కొద్ది భాగం మందాన, అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఆక్సిజనూ కలిసి పొడవాటి అణుగొలుసులను తెంచేసి పెళుసు పొర ఒకటి తయారుచేస్తాయి. మనిషి కూర్చోగానే కుర్చీ పుటుక్కున విరుగుతుంది. పలుచటి పెళుసు పొర అంత మందమున్న మొండి ప్లాస్టిక్‌ను ఎలా విరిచింది? పొరలో పుట్టిన పగులు సూదిమొనలా పదునుగా, వేగంగా వచ్చి లోపలి పదార్థాన్ని తాకుతుంది. నిదానంగా లాగితే ఆ పదార్థం సాగి సర్దుకునేదే. అంత వేగంలో, అంత పదునైన మొన దగ్గర సర్దుకునే వ్యవధి దానికి దొరకదు. పగులు ఆగకుండా అడ్డంగా దూసుకుపోతుంది. పెళుసైన రంగు పూసినప్పుడు కూడా మొండి ప్లాస్టిక్ ఇలాగే విరగవచ్చు. మనిషి ఒంటి మీదా ఇదే జరుగుతుంది. మడమ మీది చర్మం ఎండి మందమెక్కితే, ఒంటి బరువుకు కింది మెత్తని కండ పక్కలకు జరిగినప్పుడు పైపొర దానితో పాటు సాగలేదు. బీట వారుతుంది, ఆ బీట నెత్తురు చిమ్మే లోతుదాకా దిగుతుంది. నియమాలు మనుషులను విరుస్తాయనే పక్షానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు. ఒక్క పొరపాటుతో అంతా మంటగలిసిందని నేర్పిన ఇంట్లో పెరిగిన పిల్లవాడు, మొదటిసారి తప్పినరోజున నియమాన్నొక్కదాన్నే పోగొట్టుకోడు. తనమీద తనకున్న నమ్మకాన్నీ, ఒక్కోసారి దైవం మీద నమ్మకాన్నీ కూడా దానితోపాటే పోగొట్టుకుంటాడు. పైన పుట్టిన పగులు గుండెదాకా వెళుతుంది.

ఒకే రకం అమరిక ఒకచోట కాపాడి, ఇంకోచోట చీల్చడమేమిటి? దీనికి సముద్రపు ఒడ్డున జవాబు దొరుకుతుంది. మసెల్ అనే రెండుచిప్పల జీవి అలలు విరుచుకుపడే రాళ్లను పట్టుకుని బతుకుతుంది. దాని పట్టంతా తాను స్రవించి అల్లుకున్న బిస్సస్ పోగుల మీదే. పోగు సాగకపోతే అల తాకిడికి తెగుతుంది. పోగు మెత్తగానే ఉంటే ఇసుక ఒరుసుకుని అరిగిపోతుంది. అందుకని ప్రతి పోగుకూ కొద్ది మైక్రోమీటర్ల మందాన ఒక పూత ఉంటుంది. అది లోపలి పోగు కన్నా సుమారు ఐదు రెట్లు గట్టిది. అంత గట్టి పూత, పోగు సాగినప్పుడల్లా పగిలిపోవాలి కదా? మధ్యధరా మసెల్ పూత దాదాపు డెబ్బై శాతం సాగేదాకా చీలదు. 2010లో మాథ్యూ హారింగ్టన్, హెర్బర్ట్ వైట్, పీటర్ ఫ్రాట్జ్‌ల్ తదితరులు దీని వెనుకనున్న నిర్మాణాన్ని వివరించారు. పూత ఏకశిల కాదు. మైక్రోమీటరు కన్నా చిన్నవైన గట్టి రేణువులు కొంచెం మెత్తని జిగురులాంటి పదార్థంలో పొదిగి ఉంటాయి. రేణువుల్లో ఇనుము అయాన్ల బంధాలు దట్టం, వాటి నడుమ పలుచన. గట్టిదనం రేణువులది, సాగుడు నడుమనున్నదానిది. బాగా లాగినప్పుడు రేణువుల చుట్టూ సన్నని పగుళ్లు పుడతాయి. రేణువు అడ్డు నిలవడం వల్ల అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్ద చీలిక కాలేవు. ఈ పూత గొప్పదనం పగలకపోవడంలో లేదు. ఎక్కడ, ఎంత పగలాలో దాని నిర్మాణంలోనే ఏర్పాటై ఉండడంలో ఉంది. నా వాదన సారమంతా ఇదే. మంచి నియమం అంటే ఎన్నడూ భంగం కానిది కాదు. చిన్న భంగాన్ని చిన్నదిగానే ఆపగలిగినది.

ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుడి కథ ఈ విషయాన్ని అతి దగ్గరగా చూపుతుంది. కురుదేశంలో పంటలు నాశనమై కరువొచ్చింది. ఉషస్తి భార్యతో కలిసి ఏనుగులవాళ్ల ఊళ్లో తలదాచుకున్నాడు. ఒక మావటి ఉడికిన గింజలు తింటుంటే తనకూ పెట్టమని అడిగాడు. ఇవి తప్ప వేరే లేవని ఆ మావటి అంటే, వాటిలోంచే ఇమ్మన్నాడు, తీసుకున్నాడు. మావటి నీళ్లు కూడా ఇవ్వబోయాడు. అవి ఎంగిలి నీళ్లవుతాయని ఉషస్తి వద్దన్నాడు. మరి గింజలు ఎంగిలి కావా అని మావటి న్యాయంగానే అడిగాడు. అవి తినకపోతే ప్రాణం నిలిచేది కాదని, నీళ్లయితే కావలసినచోట దొరుకుతాయని ఉషస్తి జవాబు. తిన్నవి తిని మిగిలినవి భార్యకు తీసుకెళ్లాడు. పైపైన చూస్తే ఇది మొండిపట్టులా కనిపిస్తుంది. నిజానికి ఇంత జాగ్రత్తగా కొలిచి పాటించిన నియమం అరుదు. ప్రాణం మీదికి వచ్చినచోట నియమం విడిచాడు. పక్కనే, ప్రాణానికి ఇబ్బంది లేని గుక్కెడు నీళ్ల దగ్గర అదే నియమాన్ని నిలబెట్టాడు. ఒకసారి తప్పాం కనుక ఇక అన్నీ తప్పవచ్చని అతను అనుకోలేదు. తప్పాను కనుక పతితుణ్నయ్యానని కుంగిపోనూ లేదు. పగులు ఎక్కడ అవసరమో అక్కడ పుట్టింది, అవసరం తీరినచోట ఆగింది. ధర్మశాస్త్రాల్లో ఆపద్ధర్మం, ప్రాయశ్చిత్తం ఉన్నది ఇందుకే. రంజాన్ ఉపవాసంలో జబ్బుపడినవారూ ప్రయాణంలో ఉన్నవారూ ఆ రోజులను తర్వాత పూర్తిచేసుకోవచ్చని ఖురాన్ చెప్పడమూ ఇందుకే.

ఈ ఆలోచనను ఒక సంస్థ నిర్మాణంగా మలిచినవారు బౌద్ధులు. పాళీ సంప్రదాయంలో భిక్షువు పాటించవలసినవి 227 నియమాలు. అవి ఒకే బరువు ఉన్నవి కావు. మైథునం, దొంగతనం, నరహత్య, లేని ఆధ్యాత్మిక సిద్ధి ఉందని చెప్పుకోవడం, ఈ నాలుగూ పారాజికాలు. వీటిని మీరినవాడు ఇక భిక్షువు కాడు. తర్వాతి 13 సంఘాదిశేషాలకు సంఘమే కూర్చుని కొంతకాలం శిక్షలో ఉంచి తిరిగి చేర్చుకోవాలి. 92 పాచిత్తియాలకు తోటి భిక్షువు దగ్గర తప్పు చెప్పుకుంటే చాలు. తినే తీరు, నడిచే తీరు గురించిన 75 సేఖియాలను మీరితే దుక్కటమనే స్వల్ప దోషం. ప్రతి పక్షానికోసారి ఉపోసథం నాడు నియమాలన్నీ చదివి వినిపిస్తారు, దానికి ముందే ఎవరి లోపాలు వారు చెప్పుకుంటారు. అనేక నియమాల్లో రోగులకు మినహాయింపు ఉంది. ఏ సంఘటన వల్ల ఒక నియమం పుట్టిందో ఆ సంఘటనలో మొదటిసారి తప్పినవాడికి ఆ దోషం అంటదు. ఈ అమరికలో నాలుగు గట్టి రేణువులున్నాయి, వాటి చుట్టూ పగలడానికీ అతుక్కోవడానికీ వీలున్న చోటుంది. పదిహేను రోజుల కన్నా ఎక్కువకాలం ఏ చిన్న పగులునూ పెరగనివ్వని ఏర్పాటుంది. ఇది మెతకదనం కాదు. భిక్షువు జీవితం ఎంత కఠినమో అందరికీ తెలుసు. కఠినమైనదాన్ని పెళుసు కానివ్వకుండా చూసుకోవడం వేరే నేర్పు.

పూత మందం గురించి కూడా పదార్థశాస్త్రం స్పష్టంగా చెబుతుంది. ఒకే పదార్థంతో చేసిన పూతల్లో మందమైనదే ముందు పగులుతుంది, ఎందుకంటే పగులును ముందుకు తోసే శక్తి మందంతోపాటు పెరుగుతుంది. బుద్ధుడి సంఘంలోని దేవదత్తుడనే భిక్షువు వృత్తాంతాన్ని ఈ వెలుగులో చదవాలి. భిక్షువులందరూ జీవితాంతం అడవిలోనే ఉండాలి, భిక్షాన్నమే తినాలి, చింకిపాతలే కట్టాలి, చెట్టుకిందే ఉండాలి, చేప, మాంసం ముట్టకూడదు, ఈ ఐదింటినీ తప్పనిసరి చేయమని అతను కోరాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. ఇష్టమున్నవారు అడవిలో ఉండొచ్చు, భిక్షతోనే బతకొచ్చు, చింకిపాతలే కట్టొచ్చన్నాడు, అందరి మీదా రుద్దడానికి మాత్రం ససేమిరా అన్నాడు. అదనపు కాఠిన్యం కోరినవాడే సంఘాన్ని చీల్చాడన్నది, భిక్షునియమాల గ్రంథమైన వినయపిటకం చెప్పే కథ. బుద్ధుడి పరినిర్వాణానికి దాదాపు వందేళ్ల తర్వాత వైశాలిలో కొమ్ములో ఉప్పు దాచుకోవచ్చా, మధ్యాహ్నం దాటి నీడ రెండంగుళాలు వాలేదాకా తినవచ్చా, బంగారం వెండి పుచ్చుకోవచ్చా వంటి పది అంశాల మీద పెద్ద వివాదం లేచింది. సంఘం నుంచి మహాసాంఘికులనే శాఖ చీలిపోవడాన్ని సింహళ సంప్రదాయం దీనితోనే ముడిపెట్టింది. చార్లెస్ ప్రెబిష్, జాన్ నాటియర్ 1977లో దీనికి భిన్నంగా వాదించారు. ఎదుటి పక్షమైన స్థవిరులు కొత్త నియమాలు చేర్చబోవడమే చీలికకు కారణమని వారి అభిప్రాయం. ఆ మహాసాంఘిక శాఖ నుంచే మన కృష్ణాతీరంలో చైత్యకులు, పూర్వశైలులు, అపరశైలులు వచ్చారు. అమరావతి, నాగార్జునకొండ శాసనాల్లో వారి ఆనవాళ్లున్నాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఆంధ్రదేశపు శాఖలు అంతరించాయి. చిన్న నియమం ఒక్కటీ వదలకుండా పట్టుకున్న పాళీ సంప్రదాయం, అంటే థేరవాదం, నేటికీ శ్రీలంకలో, మయన్మార్‌లో, థాయ్‌లాండ్‌లో బతికుంది. చిన్నపాటి నియమాలను సంఘం కావాలంటే రద్దుచేసుకోవచ్చని బుద్ధుడు ఆనందుడితో అన్నా, ఏవి చిన్నవో ఆనందుడు అడగలేదు గనుక అన్నిటినీ ఉంచాలని భిక్షువుల మొదటి మహాసభ అయిన మొదటి సంగీతిలో మహాకాశ్యపుడు తేల్చాడు. మరి గెలిచింది కాఠిన్యమే కదా? కాదు. ఆంధ్ర శాఖలు అంతరించడానికి రాజాశ్రయం పోవడం, వాణిజ్యం సన్నగిల్లడం, ఇతర మతాల విస్తరణ వంటి కారణాలను చరిత్రకారులు చెబుతారు. ఉప్పు దాచుకున్నందుకు ఏ మతమూ నశించలేదు. పైగా థేరవాదం నియమాలతోపాటే వాటి మెట్లనూ, ఒప్పుకోలునూ, ప్రాయశ్చిత్తాన్నీ ఉంచుకుంది. అంటే రేణువులనొక్కటే కాదు, వాటి మధ్యనున్నదాన్నీ కాపాడుకుంది. నియమాలే వద్దనేవారికీ అదే వినయపిటకంలో జవాబుంది. శిక్షాపదాలు, అంటే నియమాలు, ఏర్పరచని పూర్వబుద్ధుల బోధ ఎక్కువకాలం నిలవలేదని బుద్ధుడు సారిపుత్రుడికి చెప్పాడు. అయినా లోపం కనబడకముందే నియమం పెట్టడానికి తొందరపడలేదు. పూత లేని పోగు అరిగిపోతుంది, అవసరానికి మించిన పూత పగులుతుంది. రెండూ నిజాలే.

మనసు రబ్బరు కాదు, భక్తి పోగు కాదు, పోలికతో సత్యం తేలదు అని ఇంకొకరు అనవచ్చు. ఈ మాట నిజం. బంగారం పూత ప్రయోగం ఏ నియమం ధర్మమో చెప్పదు. అయితే నియమాన్ని కవచమనీ సంకెల అనీ పిలిచేవారు పోలికతోనే వాదిస్తున్నారు, ఆ పోలికలో గట్టిదీ మెత్తనిదీ పుట్టుకతోనే విరోధులు. ఆ విరోధం పదార్థాల్లోనే తప్పనిసరి కాదని చూపితే వాదానికి కింద ఉన్న ఒక రాయి కదులుతుంది. మిగిలిన భారం ఉషస్తి కథా వినయపిటకమూ మోస్తున్నాయి, అవి పోలికలు కావు, మనుషులు బతికి చూసిన పద్ధతులు. చిన్న తప్పును క్షమిస్తే పెద్ద తప్పు వస్తుందన్న భయం కూడా సహజమే. తప్పును దాచిపెట్టినచోట అలాగే జరుగుతుంది. చెప్పుకుని సరిదిద్దుకునేచోట చిన్న తప్పు అక్కడే ముగుస్తుంది. ఇంకో హద్దు కూడా గీయాలి. పూత తనను మోసేవాడికి పూత. ఇంకొకరి ఒంటి మీద మోపిన కాఠిన్యాన్ని పూత అనకూడదు. తన శుచి కోసం మొదలైన మడి పక్కమనిషిని అంటరానివాణ్ని చేసిన రోజునే అది ఆధ్యాత్మిక సాధన కాకుండా పోయింది. భిక్షుణులకు 311 నియమాలు పెట్టి, వాటికి తోడు నూరేళ్ల అనుభవమున్న భిక్షుణి అయినా ఆనాడే చేరిన భిక్షువుకు లేచి మొక్కాలన్న షరతు చేర్చిన చోట, నేను మెచ్చుకున్న వినయపిటకమే ఈ పరీక్షలో తప్పింది. ఆ మాట చెప్పకుండా దాన్ని మెచ్చుకోవడం నిజాయితీ కాదు.

కాబట్టి ఒక నియమాన్ని చేపట్టేముందు, ముఖ్యంగా పిల్లలకు నేర్పేముందు, అది ఎంత కఠినమో కొలిచి ఊరుకోవద్దు. అది చేసేవాడి మనసుకు అతికిందా, లేక భయంతో అంటించామా? ఏ అవసరం కోసం పుట్టిందో దానికి మించి మందమెక్కిందా? దాన్ని తప్పినవాడు ఎవరికి చెప్పుకోవాలి, ఎలా సరిచేసుకోవాలి అన్న దారి అందులోనే ఉందా? మూడో ప్రశ్నకు జవాబు లేని నియమం ఎంత పవిత్రమైనదైనా, దాన్ని పాటించేవాడి చేత మొదటి తప్పుతోనే అన్నీ వదిలించే ప్రమాదం ఉంది. తిరిగి వచ్చే దారి చూపించే నియమం ఎంత కఠినమైనా మనిషి దాన్ని మోయగలడు, దానితో ఎదగగలడు. తప్పినవాడిని మళ్లీ ఎలా చేర్చుకోవాలో చెప్పడం నియమానికి ఇచ్చిన సడలింపు కాదు. నియమంలో అతి ముఖ్యమైన భాగం అదే, మొదట రాసుకోవలసినదీ అదే.